నలభై ఏడో నంబరు కవరు

క్రిస్టో పేకాటతో బతికేవాడు. ఆ సంగతి తెలుగు చర్చి సంఘంలో ఒక్కరికి కూడా తెలియదని అతని నమ్మకం. వారానికి ఐదు రోజులు మిస్సిసాగా ఎయిర్‌పోర్టు అవతల ఉన్న క్యాసినోలో పోకర్ బల్ల దగ్గర కూర్చోవడమే అతని ఉద్యోగం. శనివారం నిద్ర. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పోర్చుగీసువాళ్ళ చర్చిలో అద్దెకు తీసుకున్న హాలుకు వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే తెలుగు ఆరాధనలో రెండో వరసలో కూర్చునేవాడు. ఏం చేస్తున్నావు బాబూ అని ఎవరడిగినా ఒకటే జవాబు. "డేటా అనలిస్టునండి. కాంట్రాక్టు. అమెరికా క్లయింటు." ఆ మాట విన్నాక ఇంకో ప్రశ్న వేసినవాళ్ళు ఇంతవరకు లేరు.

నరసాపురం నుంచి రెండేళ్ళ డిప్లొమాకని 2019లో కెనడాలో దిగాడు. ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చి క్లాసులన్నీ కంప్యూటర్లోకి పోయాయి. బేస్‌మెంట్లో వేరే పనిలేక ఆన్‌లైన్లో సెంట్ల మీద పోకర్ మొదలుపెట్టాడు. తెలివైనవాడే. ఎదుటివాడి దగ్గర ఏ ముక్కలున్నాయో వాడు పందెం కాసే తీరు చూసి చెప్పగలిగేవాడు. డిప్లొమా చేతికొచ్చాక ఒక గిడ్డంగిలో ఆరు వారాలు పెట్టెలు మోశాడు. ఈలోగా క్యాసినోలు తెరిచారు. అక్కడ నెల రోజులు మోస్తే వచ్చేది ఇక్కడ ఒక్క వారాంతంలో వచ్చింది. ఇక కళ్ళు నెత్తికెక్కడానికి ఎంతసేపు?

ఇది జూదం కాదు, నేర్పు అని తనకు తానే వందసార్లు చెప్పుకున్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కనిపించేలా ఐదు ముక్కలు. మంచి ముక్కలు పడ్డవాడే గెలవాలని లేదు, పడ్డాయని నమ్మించినవాడూ గెలుస్తాడు. ఏడాది మొత్తం మీద చూస్తే నేర్పున్నవాడికే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఒక్క వారం చూస్తే మాత్రం నేర్పున్నవాడు, నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడి చేతిలో కుక్కచావు చస్తాడు. ఈ ఆట తీరే అంత. అది తట్టుకోవాలంటే వెనకాల దండిగా డబ్బుండాలి. క్రిస్టో దగ్గర అదే నిలిచేది కాదు.

ఎందుకు నిలవదంటే, దశమభాగం. క్రిస్టో నాన్న చేపల వేలంలో కమీషన్ వ్యాపారి. సాయంత్రం గల్లాపెట్టె తెరవగానే ముందు దేవుడి పదో వంతు తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే ఇంటి ఖర్చుల జోలికి వెళ్ళేవాడు. కమీషన్ వ్యాపారంలో నష్టమనేది లేదు కాబట్టి ఆయన లెక్క ఆయనకు సరిపోయింది. కొడుకు అదే పద్ధతిని పేకాటకు తగిలించాడు. గెలిచిన రోజు పార్కింగులో కారు స్టార్ట్ చేయకముందే పదో వంతు విడిగా మడిచేవాడు. ఓడిన రోజు మడవడానికేమీ ఉండదు. గెలిచిన రోజులన్నీ కలిపితే నెలకు తొమ్మిది వేలు, ఓడిన రోజులవి ఐదు వేలు. మిగిలింది నాలుగు వేలైతే కుర్రాడు తొమ్మిది వేల మీద దశమభాగం కట్టేవాడు. బల్ల మీది పందెం బిళ్ళలు, ఆ చిప్స్, చూపుతోనే లెక్కగట్టే మనిషికి కూడికలు తీసివేతలు రాక కాదు. ఓడినవి తీసేస్తే దేవుడితో బేరమాడినట్టుంటుందని భయం. ఆ భయం ముందు ఏ నేర్పూ పనికిరాలేదు.

సంఘంలో కానుకలకు నంబర్లున్న కవర్లు ఇస్తారు. ఏడాది చివర పన్ను రసీదు రాయడానికి అది వీలు. క్రిస్టోది నలభై ఏడో నంబరు. ఆ కవర్లు విప్పేది ట్రెజరర్ క్రీస్తుదాసు గారు. ఒకప్పుడు బాపట్ల ట్రెజరీ ఆఫీసులో పనిచేసి, 2004లో భార్యనూ ఏడేళ్ళ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చి, ఇప్పుడు ఒక ట్రక్కుల కంపెనీలో జీతాల లెక్కలు చూస్తున్నాడు. కవర్లో ఉన్నదాన్ని పదితో హెచ్చవేసుకుంటే సంఘంలో ఎవరి జీతమెంతో ఇట్టే తేలిపోతుంది. భార్యలకు తెలియని జీతాలు కూడా ఆయనకు తెలుసు. ఎవరింట్లో పెళ్ళి మాటలు వచ్చినా పెద్దలు ముందుగా ఆయన్నే ఓ పక్కకు పిలిచేవారు. ఆయన నోరు విప్పి ఏ అంకె చెప్పేవాడు కాదు. తల ఊపే తీరులోనే అంతా ఉండేది.

2022 నవంబరులో క్రిస్టో ఒక టోర్నమెంటులో నలభై ఒక్క వేలు కొట్టాడు. ఆ ఆదివారం నలభై ఏడో నంబరు కవరు లావుగా ఉబ్బి, అంటించినా మూత నిలవలేదు. నాలుగు వేల నూరు డాలర్లు. రెండేళ్ళుగా వందనాలు చెబితే వందనాలని మాత్రమే అనే క్రీస్తుదాసు గారు, మరుసటి ఆదివారం అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"శనివారం మధ్యాహ్నం ఖాళీయేనా బాబూ? మీ ఆంటీ రొయ్యలు తెప్పించింది. మిల్టన్ రా."

మిల్టన్‌లో ఆయనది కొత్త టౌన్‌హౌసు. వరసగా నలభై ఇళ్ళు ఒకేలా ఉంటే క్రిస్టో రెండు గుమ్మాలు తప్పు తట్టి మూడోది సరిగ్గా తట్టాడు. తలుపు తీసింది వాళ్ళమ్మాయి షెర్లీ. ఫార్మసీలో అసిస్టెంటు. కెనడాలో పెరిగిన పిల్ల కావడంతో తెలుగులో అందరినీ నువ్వనే అంటుంది, పాస్టర్ గారితో సహా. "నువ్వేనా ఫార్టీ సెవెన్?" అని నవ్వింది. ఆ నవ్వుతోనే మనవాడు పడిపోయాడు. పక్కకు తిరిగి చెప్పులు విప్పుకుంటూ మొహం సర్దుకున్నాడు.

స్వర్ణకుమారి ఆంటీ కొసరి కొసరి వడ్డించింది. క్రీస్తుదాసు గారు క్రిస్టో వాళ్ళ నాన్న సంగతి, చెల్లి చదువు సంగతి, వర్క్ పర్మిట్ ఎప్పటిదాకా ఉందన్న సంగతి అడిగాడు. 2024 మే దాకా అని చెప్పాడు క్రిస్టో. పేకాడిన గంటలకు శాశ్వత నివాసానికి కావలసిన పీఆర్ పాయింట్లు రావు కాబట్టి ఆ తర్వాత దారేంటో అతనికీ తెలియదు. సిటిజన్ అమ్మాయిని చేసుకుంటే ఆ చిక్కు వీడిపోతుందన్న ఆలోచన రాలేదంటే అబద్ధమే. కానీ అది ఆలోచన మాత్రమే. షెర్లీ ఎదురుగా కూర్చుని రొయ్య తోకలను కంచం అంచున వరసగా పేర్చుకుంటుంటే, ఈ పిల్ల లేకపోతే తన బతుకు ఎందుకూ కొరగాదని అతనికి ఆ పూటే అనిపించింది. అప్పటినుంచి అతనికి కావలసింది ఆమె ఒక్కతే.

వెళ్ళేటప్పుడు షెర్లీ గుమ్మం దాకా వచ్చింది. లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"కవర్లో అంత పెట్టకు."

"దేవుడిది కదా."

"తెలుసు. అయినా కొంచెం తగ్గించు. నీ కోసం ఉంచుకో."

హైవే 401 మీద క్రిస్టో ఇంటిదాకా ఈల వేస్తూనే డ్రైవ్ చేశాడు. పెళ్ళి కాకముందే ఇంటి పొదుపు మొదలుపెట్టిందనుకున్నాడు. పది మంది మొహాలు ఒకేసారి చదివే మనిషి ఆ ఒక్క మొహాన్నీ తిరగేసి చదివాడు.

ఆ చలికాలమంతా రెండు వారాలకోసారి మిల్టన్‌లో భోజనం. పెళ్ళి మాట క్రిస్టోయే ఎత్తాడు. "ఈస్టర్ వెళ్ళనీ బాబూ, మాట్లాడుకుందాం" అన్నాడు క్రీస్తుదాసు గారు. ఈస్టర్ వెళ్ళింది. ఈలోగా సంఘం సొంత హాలు కొనాలని తీర్మానించింది. గిడ్డంగుల వీధిలో ఒక యూనిట్ బేరానికొచ్చింది. "హాలు పని ఒకటి కానీ. మనసు దాని మీదే ఉంది" అన్నాడు. స్వర్ణకుమారి ఆంటీ మాత్రం, కొత్త హాల్లో మొదటి పెళ్ళి మనింట్లోదే అయితే ఎంత బాగుంటుందో అని నిట్టూర్చింది. క్రిస్టో దాన్ని మాటివ్వడం కిందే జమ వేసుకున్నాడు.

ఈస్టర్‌కు ముందే, మార్చిలో, ముక్కలు తిరగబడ్డాయి. ఆసుల జత పట్టుకుని కూర్చున్నవాడిని ఎవడో ముసలాయన ఏడూ రెండూ లాంటి పనికిరాని ముక్కలు పట్టుకుని చివరి ముక్కతో తన్నేశాడు. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఇలాంటప్పుడు తెలిసినవాడెవడైనా చిన్న బల్లకు దిగి, ఖర్చు బిగించి, గాలి మళ్ళేదాకా ఓపిక పడతాడు. క్రిస్టో చిన్న బల్లకైతే దిగాడు గానీ ఖర్చు బిగించలేదు. కవరు సన్నబడితే మిల్టన్ పిలుపు కూడా సన్నబడుతుందని గుబులు. గెలవని వారాల్లో కూడా గెలిచినట్టే మడిచి పెట్టాడు. ఓడిన డబ్బుకి దశమభాగం కట్టిన మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే అయ్యుంటాడు. జులైకొచ్చేసరికి టోర్నమెంటు డబ్బు మొత్తం ఆవిరైపోయి, బల్ల ముందు కూర్చోవడానికి రెండు వేలు మాత్రం మిగిలాయి.

అప్పుడే హాలుకు డౌన్ పేమెంటు గడువు పెట్టారు. ఆగస్టు ఆఖరికల్లా ఒక్కొక్కరు ఎంత ఇస్తారో కాగితం మీద రాయాలి. కాగితం క్రిస్టో చేతికొచ్చేసరికి స్వర్ణకుమారి ఆంటీ వెనక వరసలోంచి వంగి, "మనింటి మనిషివి, నువ్వు ముందుండాలి కదా నాన్నా" అంది. ఐదు వేలని రాశాడు.

బేస్‌మెంట్లో అతనితో పాటు సాయిచరణ్ ఉండేవాడు. జమ్మికుంట కుర్రాడు, కిందటి సెప్టెంబరులో విమానాలు నిండా దిగిన గుంపులో దిగాడు. పొద్దున కాలేజీ, సాయంత్రం గిడ్డంగి. ఎముకలు అరగదీసుకుని వచ్చే సెమిస్టర్ ఫీజు ఏడు వేలు కూడబెట్టాడు. కడుపుకు సరిగ్గా తినేవాడు కాదు. రోజూ అమ్మ ఫోన్ చేస్తే తిన్నానని చెప్పేవాడు. అబద్ధం చెప్పే ముందు కుడి అరచెయ్యి మోకాలి మీద రుద్దుకునేవాడు. ఎదురు మంచం మీదినుంచి క్రిస్టో ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు.

క్రిస్టో ఏం పని చేస్తాడో తెలిసిన ఒకే ఒక్కడు సాయిచరణ్. ఆ రహస్యాన్ని కళ్ళలో పెట్టుకుని కాపాడేవాడు కూడా.

"అన్నా, నాక్కూడ జర నేర్పియ్యరాదె" అని నెలకోసారైనా అడిగేవాడు.

"నీకొద్దురా. నీ మొహంలో అన్నీ కనిపిస్తాయి."

"అమ్మకు దినాం అబద్ధం చెప్తున్న గదనే. ఎన్నడన్న దొరికిన్నా?"

అలా వద్దనడమొక్కటే క్రిస్టో చేసిన మంచి. అతన్ని గురించి చెప్పేటప్పుడు ఆ ఒక్కటీ అతని ఖాతాలో వేయాలి. ఆగస్టు మొదటి శుక్రవారం అది కూడా తుడిచేసుకున్నాడు.

"బట్టలు మార్చుకో. నేర్పిస్తా" అన్నాడు.

సాయిచరణ్‌ను తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టాడు. మొదటి గంటన్నర వాడు రెండు వందలు గెలిచాడు. క్రిస్టోయే గెలవనిచ్చాడు. వాడి కళ్ళల్లో ఆ వెలుగు చూడలేక క్రిస్టో ఒకసారి లేచి బాత్రూముకు వెళ్ళి మొహం కడుక్కున్నాడు. తిరిగొచ్చి కూర్చుని పని మొదలుపెట్టాడు. ఆ రాత్రి పెద్ద ఆట ఒకటి పడింది. బల్ల మీద రాజు, ఏడు, నాలుగు, రెండు, రాణి. క్రిస్టో చేతిలో తొమ్మిదుల జత. అంత గొప్పవేం కాదు. మిగతావాళ్ళంతా ముక్కలు వదిలేశారు. సాయిచరణ్ గుక్క తిప్పుకుని, ముందున్న పదకొండు వందలూ మధ్యలోకి తోశాడు. మొహం రాయిలా ఉంది. మొహంలో ఎవడూ ఏమీ పట్టలేడు. బల్ల కింద కుడి అరచెయ్యి మోకాలి మీద రుద్దుతోంది.

తిన్నానమ్మా అని చెప్పే చెయ్యి అది. క్రిస్టోకు ఆ క్షణంలో సిగ్గేసింది, చెప్పుకోలేనంత సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చిప్స్ ముందుకు జరిపాడు. సాయిచరణ్ చేతిలో ఆసూ జాకీ తప్ప ఏమీ లేవు, ఒక్క జత కూడా పడలేదు.

"ఎట్ల పట్టినవన్నా?" అన్నాడు వాడు ఆశ్చర్యంగా.

"లక్కురా. నాది గుడ్డి దెబ్బ. నువ్వు బాగానే ఆడావు."

ఇంకో రెండు శుక్రవారాలు. పోయినవి రాబట్టాలని వాడి తపన, వద్దు అనని అన్న పక్కనే ఉన్నాడన్న ధైర్యం. మూడో శుక్రవారం అయ్యేసరికి వాడి ఫీజులో కొంత ఇతరుల దగ్గరికి, ఎక్కువ భాగం క్రిస్టో దగ్గరికి చేరింది. ఆఖరి ఆదివారం నలభై ఏడో నంబరు కవర్లో ఐదు వేలు పడ్డాయి. పాస్టర్ గారు ఆ కవరు పైకెత్తి ప్రార్థన చేశారు. సెప్టెంబరు గడువుకు సాయిచరణ్ ఫీజు కట్టలేకపోయాడు, కాలేజీవాళ్ళు పేరు తీసేశారు. బేస్‌మెంటు అద్దె కూడా భారమై, బ్రాంప్టన్‌లో గోడల పనికి పోయే నలుగురి గదిలోకి మారిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "నీ తప్పేం లేదన్నా, నా ముక్కలే అట్ల పడ్డయ్" అని క్రిస్టోనే ఓదార్చాడు.

అక్టోబరులో హాలు ప్రతిష్ఠ. క్రిస్టో సూటు వేసుకుని గంట ముందే వెళ్ళాడు. ఇవాళ పెళ్ళి మాట తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాడు. క్రీస్తుదాసు గారు వెనక ఉన్న చిన్న ఆఫీసు గదిలో ఒంటరిగా ఉన్నాడు. గదంతా రంగు వాసన.

"కూర్చో బాబూ. నేనే పిలుద్దామనుకుంటున్నా."

"అంకుల్, షెర్లీ విషయం..."

"వస్తా, అక్కడికే వస్తా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను రెండొందల మంది డ్రైవర్లకి పేస్లిప్పులు తీస్తాను. జీతమంటే రెండు వారాలకోసారి, ఒకటే అంకె. ఓవర్‌టైమ్ చేస్తే కాస్త అటూ ఇటూ. నీ కవర్లో ఒక వారం నలభై, ఒక వారం ఆరొందలు, ఇంకో వారం ఏమీ ఉండదు. ఒకసారేమో ఏకంగా నాలుగు వేలు. అంతా క్యాషే. ఏ అమెరికా క్లయింటు బాబూ నీ చేతిలో నోట్లు లెక్కపెట్టి పెట్టేది? అలా పెట్టేది క్యాసినోలోనే."

"ఎప్పట్నుంచి తెలుసంకుల్?"

"నిన్ను రొయ్యల కూరకి పిలిచినప్పుడే తెలుసు."

"మరి ఒక్కసారీ అడగలేదు."

"అడిగితే మానేసేవాడివా? మానవు. నాకివ్వడం మానేసేవాడివి. ఆ డబ్బు ఎటూ తిరిగి ఆ బల్ల మీదికే పోయేది. నా చేతిలో పడ్డంతవరకు ఇదిగో, గోడైంది, కప్పైంది." చెయ్యి చాచి గోడను తట్టాడు. ఆయన మొహంలో మోసం చేసిన ఛాయలేవీ లేవు. మంచి పని చేసిన తృప్తి ఉంది. అదే క్రిస్టో ఒళ్ళు మండించింది.

"నాకు మాటిచ్చి..."

"ఇచ్చానా? ఎప్పుడిచ్చానో చెప్పు."

క్రిస్టో వెతికాడు. ఈస్టర్ వెళ్ళనీ, హాలు కానీ, మాట్లాడుకుందాం. అన్ని భోజనాల్లో అంతకుమించి ఒక్క ముక్క కూడా లేదు. మాటకు మాట కలిపింది తనే.

"అయినా నేను వద్దనలేదు బాబూ, అబద్ధమెందుకు. కష్టపడే కుర్రాడు, పెళ్ళైతే ఆ ఆట అదే పోతుందని షెర్లీతో అన్నాను కూడా. సెప్టెంబరులో తనే వద్దంది. ఎందుకో నాకు చెప్పలేదు. వాంకూవర్లో వేరే సంబంధానికి మొన్ననే మాటిచ్చాం. ఇవాళ పాస్టర్ గారు ప్రకటిస్తారు." లేచి కోటు సర్దుకున్నాడు. "హాలు మీద అప్పు ఇరవై ఐదేళ్ళు. నీ సంగతి నా నోటి వెంట రాదు, ఆ భయం పెట్టుకోకు. నీ కవరు మాత్రం ఆగనివ్వకు."

షెర్లీ వంటగది బల్ల మీద కాగితం పళ్ళేలు విడదీస్తోంది. క్రిస్టో వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఆమే మొదలుపెట్టింది.

"కవర్ల షీట్ టైప్ చేసేది నేనే. నువ్వు కార్డ్స్ ఆడతావని డాడీ కంటే ముందు నాకే తెలుసు. అయినా నాకు ఓకే. యెస్ అందామనుకున్నా."

"మరి ఏమైంది?"

"సాయిచరణ్ మా ఫార్మసీకి జాబ్ ఉందా అని వచ్చాడు. తెలుగులో మాట్లాడేసరికి, మనది ఒకే చర్చి అని తెలియక అంతా చెప్పేశాడు. మూడు ఫ్రైడేలు, ఫీజంతా పోయిందన్నాడు. పక్కన ఒక అన్న కూర్చుని ధైర్యం చెప్పాడన్నాడు. నీ పేరు చెప్పి ఎంత మెచ్చుకున్నాడో తెలుసా? ఇంటికెళ్ళి షీట్ తీశా. ఫార్టీ సెవెన్, ఫైవ్ థౌజండ్."

"అది నీ కోసమే షెర్లీ. నువ్వు చెయ్యి జారిపోతావని..."

"తెలుసు. అందుకే వద్దన్నా." పళ్ళేల కట్ట సర్దింది. "అతనికి నేనేం చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు. ఇవాళ భోజనానికి రమ్మన్నాను, వస్తాడు."

ఆరాధన మొదలైంది. వాంకూవర్ పెళ్ళికొడుకు పేరు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. క్రిస్టో కూడా కొట్టాడు. ఆ తర్వాత పాస్టర్ గారు, హాలు కోసం తన వయసుకు మించి ఇచ్చిన బిడ్డ ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలని అతన్నే పిలిచారు. క్రిస్టో మైకు పట్టుకున్నాడు. ఆఖరి వరసలో సాయిచరణ్ కూర్చుని ఉన్నాడు, గోళ్ళలో ఇంకా సిమెంటు. షెర్లీ తల దించుకుని ఉంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే చల్లారింది.

"దేవుడు నాకు మంచి ఉద్యోగమిచ్చాడు" అన్నాడు క్రిస్టో. గొంతు ఎక్కడా వణకలేదు. ముందు వరసలో క్రీస్తుదాసు గారు మెల్లగా తల ఊపాడు.

భోజనాల దగ్గర సాయిచరణ్ పళ్ళెం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు. మొహం మాత్రం అన్నను చూడగానే విప్పారింది.

"మస్తు చెప్పినవన్నా. ఎవ్వనికి డౌట్ రాలె." గొంతు తగ్గించాడు. "ఒక మాట అడుగుత. పైస పైస కూడబెడితె తొమ్మిది నూర్లైనయ్. నీ పక్కన ఒక్కసారి కూసుంటె పోయినయ్ మల్ల వస్తయనిపిస్తుంది. ఫీజు కట్టి మల్ల చేరొచ్చు. ఎప్పుడు పోదం?"

బిర్యానీ వడ్డిస్తున్న షెర్లీ చెయ్యి ఆగింది. పొద్దున్నుంచి మొదటిసారి ఆమె తిన్నగా క్రిస్టో కళ్ళలోకి చూసింది. ఆమె ఏం అడుగుతోందో అతనికి తెలుసు. ఈసారి తప్పుగా చదవలేదు. కానీ ఆ పిల్ల ఇక తనది కాదు. నిజం చెబితే ఇక వీడూ ఉండడు. వచ్చే ఆదివారం కవరు మాత్రం ఉంటుంది. జేబులో మూడు వందలున్నాయి.

"శుక్రవారం పోదాం" అన్నాడు.

షెర్లీ గరిటె పెట్టేసి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. క్రిస్టో వింటుండగానే సాయిచరణ్‌కు అంతా చెప్పింది. ఆగస్టులో వాడి డబ్బు ఎవరు తీసుకున్నారో, అది ఏ కవర్లో పడిందో, ఆ డబ్బుతో వచ్చిన గోడల మధ్యే వాడిప్పుడు అన్నం తింటున్నాడని కూడా చెప్పింది. మాటలు దొరకని చోట ఇంగ్లిషులో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

సాయిచరణ్ పళ్ళెం కదపకుండా చివరిదాకా విన్నాడు. క్రిస్టో వంక చూశాడు. క్రిస్టో మొహంలో ఏమీ లేదు. అదే అతను మూడేళ్ళుగా నేర్చుకున్న విద్య. సాయిచరణ్ చాలాసేపు చూసి, ఊపిరి వదిలి, షెర్లీ వైపు తిరిగి ఇబ్బందిగా నవ్వాడు.

"లేదక్కా. అన్న అసొంటోడు గాడు. నీకెవరో తప్పు చెప్పిన్రు." మళ్ళీ క్రిస్టో వైపు తిరిగాడు. "ఎన్నింటికి రమ్మంటవన్నా?"

"ఆరింటికి" అన్నాడు క్రిస్టో.